ఇంకొక్క ముద్ద

మా ఆయన పేరు శివరామయ్య. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ పేరు నా నోటి వెంట వచ్చింది బ్యాంకులోనో ఆసుపత్రిలోనో, ఎవరో కౌంటర్ అవతల కూర్చుని గట్టిగా అడిగినప్పుడు మాత్రమే. అలాంటిది, మా ఇంట్లో పనికి చేరి నాలుగు నెలలు కాని పిల్ల ఒకరోజు పొద్దున్నే కిటికీ తెర పక్కకి లాగి, ఆయన మంచం పక్కన నడుం వంచి నిలబడి, "శివరామయ్య-సాన్, ఒహయో గొజైమాస్" అంది.

నేను వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చాను.

"ఏంటే, పెద్దాయన్ని పేరు పెట్టి పిలుస్తున్నావు?"

"సాన్ అంటే గారు అనేనండి పెద్దమ్మా, మిగతాది శుభోదయం అని. జపాన్‌లో ముసలివాళ్ళని చూసుకునే చోట తాతా, మామ్మా అని పిలవకూడదంట. ఎంత పెద్దవాళ్ళయినా పేరు పెట్టే పిలవాలంట. అదే మర్యాదంట."

"వాళ్ళ మర్యాద వాళ్ళ దగ్గర ఉంచమను. ఇది తెనాలి. పెదనాన్నగారూ అను."

"ఇవాళ్టి నుంచి పెదనాన్నగారితో తెలుగు మాట్లాడనండి. మీరేమీ అనుకోనంటే."

మంచం మీద ఆయన పెదవి ఒకపక్కకి సాగింది. పక్షవాతం వచ్చాక ఆయన నవ్వు అంతే, సగమే వస్తుంది. ఆ సగం నవ్వు కోసం నేను పొద్దస్తమానం ఎన్ని కబుర్లు చెప్పేదాన్నో. నాకు రాల్చని నవ్వు ఈ పిల్ల పేరు పెట్టి పిలిచేసరికి వచ్చింది. ఒళ్ళు మండింది. మండినా ఏం చేస్తాను, ఆయన నవ్వారు కదా అని గరిటె తీసుకుని వెనక్కి వెళ్ళిపోయాను.

ఆ పిల్ల పేరు సునీల. ఊరు రేపల్లె. తండ్రి కోటయ్య స్టేషన్ దగ్గర ట్రాలీ ఆటో తోలేవాడు. తల్లి రాజమ్మ పూలు కట్టి అమ్ముతుంది. చదువులో చురుకని పిల్లని బాపట్లలో నర్సింగులో చేర్పించారు. రెండో ఏడు మధ్యలో ఉండగా కోటయ్య జ్వరంతో పోయాడు. దాంతో ఈ పిల్ల చదువు ఆపి ఇంటికొచ్చేసింది. సగం చదివిన నర్సుని ఎవరూ నర్సు అనరు. ఆయా అంటారు. తెనాలిలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో అదే పనికి కుదిరింది. ఒళ్ళు తుడవడం, పక్కలు మార్చడం, బెడ్‌పాన్‌లు ఎత్తడం. ఇంజెక్షను ఎక్కడ ఎలా చెయ్యాలో తెలిసి కూడా సూది ముట్టుకోకూడదు. తెల్లకోటు వేసుకున్నవాళ్ళందరూ సిస్టర్లు, ఈవిడ మాత్రం "ఏయ్ అమ్మాయ్". పేరు పెట్టి పిలిపించుకునే రాత కూడా లేదని ఒకసారి నాతో అంది. నవ్వుతూనే అంది గానీ ఆ నవ్వు నాకు నచ్చలేదు.

మాది సంగం జాగర్లమూడి. పొలాలు కౌలుకిచ్చి, దుగ్గిరాల యార్డులో పసుపు వ్యాపారంలోకి దిగాక, రాకపోకలకి వీలని తెనాలిలో ఇల్లు కట్టుకున్నాం. మా ఆయన గొంతు యార్డు మొత్తానికి వినపడేది. ఆ యార్డులోనే, పసుపు కొమ్ము విరిచి చూపిస్తూ ఎవరితోనో బేరమాడుతూ, మాట మధ్యలో కూలబడ్డారు. కుడి చెయ్యి పోయింది, మాట పోయింది. డాక్టరు మెదడు బొమ్మ చూపించి ఏదో చెప్పాడు. నాకు అర్థమైనది ఒక్కటే, మనం అనేది ఆయనకి తెలుస్తుంది, ఆయన అనాలనుకున్నది మాత్రం బయటికి రాదు. మొహం తిప్పుకుంటే వద్దని, చూస్తూ ఉంటే సరేనని మనమే అనుకోవాలి.

ఆ నర్సింగ్ హోమ్‌లో ఆయనకి తిండి పెట్టగలిగింది సునీల ఒక్కతే. మిగతావాళ్ళు చెంచా పళ్ళకి తగిలించి, మింగారో లేదో చూడకుండా, తినట్లేదండీ అని రాసుకుని పోయేవాళ్ళు. నా చేత్తో పెట్టినా పొలమారేది. ఈ పిల్ల ఎదురుగా కుర్చీ వేసుకుని, ఆయన కంటికి తన కన్ను సమానంగా ఉండేట్టు కూర్చుని, చెంచాలో సగమే తీసుకుని, గొంతు కదిలేదాకా ఆగేది. ఇంటికి తెచ్చుకునే రోజున, "మా ఇంటికి వచ్చెయ్యమ్మా, మేడ మీద గది ఖాళీగానే ఉంది" అన్నాను. వచ్చేసింది. వచ్చేటప్పుడే చెప్పింది, "ఆదివారాలు బాపట్ల వెళ్ళాలండి పెద్దమ్మా, జపాన్ భాష నేర్చుకుంటున్నాను" అని.

నేను పడీ పడీ నవ్వాను. ఇంగ్లీషే సరిగ్గా రాదు, జపాన్ భాషంట. కానీ తర్వాత కూర్చోబెట్టి అడిగితే విషయం చెప్పింది. అక్కడ ముసలివాళ్ళకి కేంద్రాలుంటాయట. వాళ్ళని చూసుకోవడానికి మన దగ్గర్నుంచి మనుషుల్ని తీసుకుంటారట. మూడేళ్ళు చేశాక అక్కడి పరీక్ష రాయొచ్చట, పాసైతే సర్టిఫికెట్ ఇచ్చి అక్కడివాళ్ళతో సమానంగా చూస్తారట.

"ఇక్కడ చేసేదీ ఇదే పని కదండీ పెద్దమ్మా. కాకపోతే అక్కడ ఈ పనికి చదువుంది, పరీక్షుంది, ఒక పేరుంది. ఇక్కడ నేను ఎన్నాళ్ళు చేసినా ఏయ్ అమ్మాయ్‌నే."

అలాంటి ఒక కేంద్రం వాళ్ళు అప్పటికే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి రెండుసార్లు ఇంటర్వ్యూ చేశారు. మొదటిసారి పేరు చెప్పింది, ఆ తర్వాత నోరు పెగల్లేదు. రెండోసారి జవాబులన్నీ బట్టీపట్టి వెళ్ళింది. వాళ్ళు నీకు వంట వచ్చా అని అడిగితే, మా ఊరు సముద్రానికి దగ్గర అని చెప్పిందట. ఇక మిగిలింది ఒక్కసారే. ఆ కేంద్రం వాళ్ళు ముప్ఫై దాటినవాళ్ళని తీసుకోరు, వచ్చే వైశాఖానికి సునీలకి ముప్ఫై.

బాపట్లలో వీళ్ళకి చెప్పే మాస్టారు మోహనకృష్ణ. జపాన్‌లో కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో కొన్నేళ్ళు పనిచేసి తిరిగొచ్చి, బట్టల కొట్టు పైన ఒక హాలు అద్దెకి తీసుకుని పాఠాలు చెబుతున్నాడు. రెండోసారి కూడా పోయాక ఆయన సునీలతో అన్నాడట, "పుస్తకం మూసెయ్యండి. మీకు రానిది భాష కాదు, నోరు. పనిలో ఉన్నంతసేపూ తెలుగు మాట్లాడకండి. ఏ పని చేస్తుంటే ఆ పని జపాన్ భాషలో పైకి అనండి. వినడానికి ఒక మనిషిని వెతుక్కోండి" అని.

వెతుక్కోవడానికి ఎక్కడికో పోలేదు. మా ఆయన ఉన్నారుగా.

"ఆయనకీ మాట రాదు, నాకూ రాదు. ఇద్దరం సరిపోయాం పెద్దమ్మా," అంది.

ఇక మొదలైంది. దుప్పటి తీస్తున్నాను, మొహం తుడుస్తున్నాను, ఇవాళ ఎండ బాగుంది, ఇది మీ చొక్కా ఎడమ చెయ్యి, అని ఆయనతో రోజంతా ఆ భాషలోనే. మధ్యలో మాట తట్టకపోతే పైకి చూసి, కళ్ళు మూసుకుని, వెతుక్కుని వెతుక్కుని చెప్పేది. ఆయన కూడా ఆ మాట దొరికేదాకా ఎదురు చూసేవారు. ఇద్దరూ ఒకే బాధలో ఉన్నారని నాకప్పుడు అనిపించింది. కుక్కర్ విజిల్ వేస్తే కుక్కర్‌తో మాట్లాడేది. కూరగాయల బండి వెంకట్‌తో వంకాయల గురించి జపాన్ భాషలో బేరమాడితే, అతను, "ఏమ్మా, మీ పిల్లకి ఒంట్లో బానే ఉందా" అని నన్ను అడిగాడు. రేపల్లె రైల్లో కిటికీ పక్కన కూర్చుని పొలాలకీ కాలవలకీ పేర్లు చెప్పుకుంటూ పోతుంటే ఎదురుగా ఉన్నవాళ్ళు లేచి వేరే సీటుకి వెళ్ళిపోయారట. తల్లి రాజమ్మ నాకు ఫోన్ చేసి గోలపెట్టింది.

"అమ్మగారూ, మా అమ్మాయి నిద్దట్లో ఏదో మాట్లాడతందండి. గాలి సోకిందేమోనండి, తాయెత్తు కట్టించమంటారా?"

"గాలి కాదు రాజమ్మా, జపాను," అన్నాను. "దానికి మీ ఊళ్ళో తాయెత్తు లేదు."

నేను దాన్ని ఏడిపించడం మానలేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇంకా పిలుపే రాలేదు, అప్పుడే మా గుమ్మం దగ్గర చెప్పులు విప్పి వాళ్ళలాగా తిప్పి పెడుతోంది, తలుపు తీసి దండం పెడుతోంది. కానీ సంక్రాంతి దాటేసరికి నాకే తెలిసిపోయింది, దానికి నోరు వచ్చేసింది. వెతుక్కోవడం పోయింది. మా ఆయనతో గలగలా మాట్లాడేది, ఆయన పెదవి కదిలితే ఆ భాషలోనే దెబ్బలాడేది. అది వెళ్ళిపోతే ఈయన్ని ఎలా చూసుకోవాలో నాకు తెలియదు. రాత్రిళ్ళు తలుచుకుంటే భయమేసేది. అయినా వెళ్ళాలనే కోరుకున్నాను. రెండూ నిజమే, ఒకటి చెప్పి రెండోది దాచను.

ఇక్కడ మా ఆయన తిండి సంగతి చెప్పాలి. ఈయన ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా మొదటిసారి పెడితే ఏదీ ఊఁ అన్న మనిషి కాదు. చాలు అనాలి, మనం ఇంకాస్త వెయ్యాలి, వద్దు వద్దు అంటూ తినాలి. అది మర్యాద. మా పుట్టింటి పెళ్ళిళ్ళలో చాలండీ అన్నంత మాత్రాన గరిటె ఆగదు. ఆకు మీదికి రెండు చేతులూ అడ్డం పెట్టి, ముందుకి వంగి, అమ్మతోడు అంటేనే వడ్డించేవాడు పక్క విస్తరికి కదులుతాడు. మొదటి చాలుకే వెళ్ళిపోయాడంటే వాడికి పెట్టడం ఇష్టం లేదని లెక్క.

ఒకసారి బాపట్లలో మా అమ్మాయి అత్తగారింటికి వెళ్ళాం. మా వియ్యపురాలు వేరే ఊళ్ళో పెరిగిన మనిషి. రెండో పెసరట్టు వేస్తానంటే ఈయన "చాలండీ" అన్నారు. ఆవిడ పాపం నిజమనుకుని పెనం దించేసింది. తిరుగు రైల్లో తెనాలి వచ్చేదాకా ఒకటే గొణుగుడు, "ఒక్కసారి, ఇంకొక్కసారి అడగొచ్చుగా." స్టేషన్లో దిగి తిన్నగా హోటలుకి నడిచారు.

నోరు పడిపోయినా ఆ అలవాటు పడిపోలేదు. కాస్త తినగానే మొహం గోడవైపు తిప్పుకుంటారు. అప్పుడు బతిమాలాలి. సునీలకి ఇది నేను నేర్పక్కర్లేదు, రేపల్లెలో మాత్రం ఎవరు మొదటి వద్దుకి ఊరుకుంటారు. అది చెంచా పట్టుకుని ఆయన మొహం ఎటు తిరిగితే అటు తిరిగి, మెడ కొంచెం వంచి, ఇంత సాగదీసి, "మో హితోకుచి" అనేది. ఇంకొక్క ముద్ద అని. ఆయన కాసేపు బెట్టు చేసి నోరు తెరిచేవారు. ఆ మాట వినీ వినీ నాకూ వచ్చేసింది. సునీల బజారుకి వెళ్ళినప్పుడు నేనూ మో హితోకుచి అంటే ఆయన సగం నవ్వు నవ్వి నోరు తెరిచేవారు.

మూడో ఇంటర్వ్యూ మా ఇంట్లోనే పెట్టుకున్నారు. మాట్లాడించడమే కాకుండా, మనిషికి తిండి ఎలా పెడుతుందో చేసి చూపించమన్నారట. చక్రాల కుర్చీ, లేపే మంచం మా ఇంట్లో ఉన్నాయి. మోహనకృష్ణ వారం ముందే వచ్చి గది చూసుకున్నాడు. నిజమైన రోగి వద్దన్నారని, రోగిలా కూర్చోమని నన్ను అడిగాడు. అదే సమయానికి లోపల సునీల ఆయనకి జావ పట్టిస్తోంది. మో హితోకుచి వినపడగానే మోహనకృష్ణ మొహం మారింది.

"సునీలగారూ, అది అక్కడ చెయ్యకండి. చాలన్నారంటే చాలంతే. చెంచా కింద పెట్టేసి, కడుపు నిండిందా అని ఒక్కసారి అడిగి, ఆపెయ్యాలి."

"తెలుసండి మాస్టారూ. ఇది పెదనాన్నగారి దగ్గరేనండి."

నేను ఊరుకోలేకపోయాను. "ఏం బాబూ, ఒకసారి వద్దంటే పస్తు పడుకోబెడతారా అక్కడ?"

"పస్తు కాదండి. మింగలేని వాళ్ళకి బలవంతం చేస్తే గొంతుకి అడ్డం పడుతుంది. అదీగాక, వద్దనే హక్కు ఆ పెద్దవాళ్ళదండి."

"మరి బతిమాలించుకునే హక్కు?"

ఆ వారమంతా మేం ముగ్గురం రిహార్సల్ చేశాం. నాకు ఒక్కటే మాట, "మో కెక్కో దేసు". ఇక చాలండీ అని. నాలుగైదు చెంచాలు తిని ఆ మాట అనాలి. నేను అనగానే సునీల చెంచా కింద పెట్టేది. ప్రతిసారీ పెట్టింది. ఒక్కసారీ తప్పలేదు.

ఆ రోజు పెసరపప్పు కట్టుతో అన్నం మెత్తగా చేసి, కాస్త నెయ్యేసి నేనే కలిపాను. ముందుగది మధ్యలో మా ఆయన చక్రాల కుర్చీలో నేను కూర్చున్నాను. మెడ చుట్టూ తువ్వాలు. బల్ల మీద లాప్‌టాప్, దాని వెనక మోహనకృష్ణ. లోపలి గదిలో మంచం మీదనుంచి మా ఆయన తలుపులోంచి చూస్తున్నారు.

తెర మీద ఇద్దరు. ఒక పెద్దావిడ, పక్కన ఒక యువకుడు. సునీల వంగి దండం పెట్టింది, మాట్లాడటం మొదలుపెట్టింది. నాకు ముక్క అర్థం కాలేదు, కానీ అర్థం కావలసినదంతా అయింది. వాళ్ళు అడుగుతున్నారు, ఇది చెబుతోంది. వాళ్ళు నవ్వుతున్నారు, ఇది మళ్ళీ ఏదో అని ఇంకా నవ్విస్తోంది. ఒకచోట "శివరామయ్య-సాన్" అన్న పేరు వినపడింది. పెద్దావిడ రెండు చేతులూ కలిపి ఆశ్చర్యపోయింది. ఎక్కడ నేర్చుకున్నావని అడిగిందట, ఈ ఇంట్లో, ఆయన దగ్గరే అని చెప్పిందట. మోహనకృష్ణ నావైపు చూసి బొటనవేలు ఎత్తాడు. ఇక ఈ పిల్లని ఆపేవాళ్ళెవరూ లేరనుకున్నాను.

తర్వాత తిండి. కుర్చీ బ్రేకు వేసింది. నా కళ్ళకి ఎదురుగా కూర్చుంది. గిన్నె చూపించి అందులో ఏముందో చెప్పింది. సగం చెంచా పెట్టింది, నా గొంతు చూసింది, ఆగింది, ఇంకొకటి పెట్టింది. అన్నంలో ఉప్పు తక్కువైంది, అదొక్కటే లోపం. తెర మీద ఆవిడ తల ఊపుతూనే ఉంది. నాలుగైదు చెంచాలు అయ్యాయి. నేను నా మాట అన్నాను.

"మో కెక్కో దేసు."

చెంచా గాల్లో ఆగింది. సునీల నా కళ్ళలోకి చూసింది. ఆ క్షణంలో అది చూసింది నన్నో, రోజూ ఆ కుర్చీలో కూర్చునే మనిషినో నాకు ఇప్పటికీ తెలియదు. దాని మెడ కొంచెం వంగింది. మొహంలోకి ఆ నవ్వు వచ్చింది. చెంచా ముందుకి వచ్చింది.

"మో హితోకుచి."

ఆపవే తల్లీ అని అరవాలి. అరిస్తే తెలుగు. తెలుగు వినపడితే అంతా పోతుంది. మళ్ళీ "మో కెక్కో దేసు" అని, ఈసారి మొహం పక్కకి తిప్పాను. తిప్పకుండా ఉండాల్సింది, నాకేం తెలుసు. ఆయన తిప్పేదీ అలాగే. అది రోజూలాగే చెంచాతో నా మొహం వెంట తిరిగి, ఇంకా ముద్దుగా, ఇంకా సాగదీసి అడిగింది. కాలితో దాని కాలు తొక్కాను. కాలు జరుపుకుంది గానీ చెయ్యి ఆపలేదు. చెంచా నా పెదవికి తగిలింది. మూసుకుంటే అన్నం తువ్వాలు మీద పడుతుంది, అందరి ముందూ పరువు పోతుంది. నోరు తెరిచాను. ఆ ముద్ద ఎలా మింగానో నాకే తెలియాలి.

తెర మీద ఆవిడ నవ్వు అలాగే ఉంది. చేతిలో కలం మాత్రం కింద పెట్టేసింది. తర్వాత అందరూ వంగి దండాలు పెట్టుకున్నారు. తెర నల్లబడింది.

సునీల మొహం వెలిగిపోతోంది. "ఎంతసేపు మాట్లాడానండి పెద్దమ్మా. ఒక్క మాట కూడా వెతుక్కోలేదు. చూశారా?"

చూశానమ్మా అన్నాను. మోహనకృష్ణ వైర్లు చుడుతూ చుడుతూ ఆగి, తల ఎత్తకుండానే అన్నాడు. "సునీలగారూ, పెద్దమ్మగారు చాలన్నాక మీరు ఆపలేదు."

"ఆపానండి."

"లేదమ్మా."

"ఆపాను కదండీ మాస్టారూ. రోజూ ఆపేదాన్నిగా." నావైపు తిరిగింది. "ఆపలేదా పెద్దమ్మా?"

నా నోట్లో ఇంకా నెయ్యి వాసన ఉంది. సునీల చేతిలో ఉన్న చెంచాకేసి చూసుకుంది. దాన్ని గిన్నెలో పెట్టి, గిన్నె నేల మీద పెట్టి, అక్కడే కూర్చుండిపోయింది. ఏడవలేదు. ఏడిస్తే ఓదార్చేదాన్ని.

కబురు రావడానికి కొన్నాళ్ళు పట్టింది. ఆ నాళ్ళన్నీ ముగ్గురం, మాట రాని ఆయనతో కలిపి ముగ్గురం, ఎవరి మొహం ఎవరూ చూసుకోకుండా గడిపాం. నేను దుర్గమ్మకి మొక్కుకున్నాను, దేనికని మొక్కుకోవాలో మాత్రం తెలియలేదు. అయిపోయినదాన్ని మార్చమని అడగలేం కదా. మోహనకృష్ణ ఫోన్ చేసి స్పీకర్ పెట్టమన్నాడు.

"భాష చాలా బాగుందని రాశారండి. ఇంతవరకు చూసినవాళ్ళలో ఇంత సహజంగా మాట్లాడినవాళ్ళు లేరట. కానీ తీసుకోలేమన్నారు. వద్దన్న మనిషికి బలవంతంగా పెట్టడం వాళ్ళ దగ్గర పెద్ద తప్పండి."

"బలవంతమా?" నా గొంతు లేచింది. "ప్రేమగా అడిగితే బలవంతమంటారా? ఆవిడకి ఫోన్ కలుపు బాబూ, నేను మాట్లాడతాను."

"ఏం మాట్లాడతారండి పెద్దమ్మగారూ," అన్నాడు మెల్లగా.

నిజమే. ఏం మాట్లాడతాను. నాకు తిన్నగా వచ్చినవి రెండే మాటలు. ఒకటి ఇక చాలండీ, రెండోది ఇంకొక్క ముద్ద. దాంతో ఆ దేశం వాళ్ళతో నేనేం పోట్లాడను. ఆవిడది తప్పు కాదని నేనొప్పుకోగలను, దానికేం. సునీలది తప్పని మాత్రం చచ్చినా ఒప్పుకోను. ఆ పిల్ల భాష నేర్చుకుంది మా ఇంట్లో. మా ఇంట్లో అన్నం ఎలా పెడతారో అలాగే వచ్చింది దానికి ఆ భాష. ఇంకెలా వస్తుంది.

సునీల ఫోను నా చేతికిచ్చి మేడ మీదకి వెళ్ళింది. రేపల్లె వెళ్ళొస్తావా, అమ్మని చూసొస్తావా అని అడిగితే వద్దండి అంది. నేను మళ్ళీ అడిగాను. మళ్ళీ వద్దండి అంది. మూడోసారి అడగడానికి నాకు నోరు రాలేదు.

తెల్లారి యథాప్రకారం కిందికి వచ్చింది. తల దువ్వుకుంది, బొట్టు పెట్టుకుంది. కిటికీ తెర లాగింది. మంచం పక్కన నిలబడి, "పెదనాన్నగారూ, లేవండి, మొహం తుడుస్తాను" అంది.

ఆయన దానికేసి చూశారు. ఎంతసేపు చూశారో. ఇంకేదో అంటుందని చూస్తున్నారని నాకర్థమైంది. అది తుడిచి, చొక్కా మార్చి, ఎడమ చెయ్యి ఇదని చెప్పకుండానే చెయ్యి దూర్చి, కుర్చీలో కూర్చోబెట్టింది. నేను ఇడ్లీ పాలల్లో మెత్తగా చేసి గిన్నె ఇచ్చాను. ఎదురుగా కూర్చుని సగం చెంచా చొప్పున పెట్టింది. గొంతు చూసింది, ఆగింది. పనిలో ఏ లోపమూ లేదు.

కాస్త తిన్నాక ఆయన ఎప్పటిలాగే మొహం గోడవైపు తిప్పుకున్నారు.

సునీల చెంచా కింద పెట్టింది. తువ్వాలుతో ఆయన పెదవులు ఒత్తింది. లేచింది.

"అదేంటే, ఇంకా సగం ఉంది," అన్నాను.

"చాలన్నారండి పెద్దమ్మా."

"ఆయన చాలంటే ఏంటో నీకు తెలియదా? ఇంకోసారి అడుగమ్మా."

"వద్దన్నారు కదండీ." గొంతులో కోపం లేదు. కోపముంటే బాగుండేది. గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడు వినపడింది.

ఆయన కాసేపు గోడకేసే చూస్తూ కూర్చున్నారు. తర్వాత మెల్లగా మొహం ఇటు తిప్పారు. ఎదురుగా ఖాళీ కుర్చీ ఉంది. దానివైపు చూస్తూ నోరు తెరిచారు.

"మో హితోకుచి," అన్నాను నేను. నా చేతిలో గిన్నె లేదు.